మూడో సీజన్‌లో నా మూడు నిమిషాలు

గంజాయి దందా మీద వచ్చే ఆ సీరీస్ మొదటి రెండు సీజన్లూ నేను జనగామలో, మా ఇంటి కింది దర్జీ దుకాణంలో పెద్ద టీవీ ముందు కూర్చుని చూశాను. పై వాటాలో మేము కిరాయికి ఉంటాం. ఇల్లూ దుకాణమూ దర్జీ భాయ్‌వి. నన్ను ఆటపట్టించడానికి ఆయన దొర సాబ్ అంటాడు, నేను ఆయన్ని భాయ్ అంటాను. ఆయన మెడలో టేపు వేసుకుని, చేతిలో కత్తెర పట్టుకుని చూసేవాడు. నేను కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుని చూసేవాణ్ణి.

ఆటో నడుపుకునే ఒక తండా మనిషి, అడవి దారుల్లో మిరప బస్తాల కింద సరుకు దాటిస్తూ డాన్ అయిపోవడం కథ. డాన్ వేషం కట్టిన నటుడు నిజంగానే మా వైపు మనిషి. గార్ల పక్క తండాలో పుట్టి, ఆటో నడిపి, నాటకాలాడి అక్కడిదాకా పోయాడు. తెర మీద అతను నోరు తెరిస్తే మా మాట వినబడేది. ఇన్నేళ్లూ సినిమాల్లో ఆ మాట నవ్వించడానికే పెట్టారు. ఇందులో అదే మాటకు పోలీసులు భయపడుతుంటే నాకు ఒళ్లు పులకరించేది.

రెండో సీజన్ చివర చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగుతుంది. పోలీసామె మిరప బస్తా మీద చేయి వేస్తుంది. అంతే, అక్కడ ఆపేశారు. ఏడాదిపాటు నేనూ భాయ్ అదే వాదించుకున్నాం.

"దొరుకుతడు, రాసిపెట్టుకో," అనేవాడు భాయ్.

"దొరకడు. ఎండు మిరపల చెయ్యి పెడితె ఎవ్వలైనా ఎనకకు గుంజుకోవాల్సిందే."

"నువ్వు మిర్చి వకీలువు దొర సాబ్."

ఆ మాటలో అబద్ధం లేదు. ముప్ఫై ఏళ్లు కేసముద్రం మార్కెట్ యార్డులో వేలం పాడినవాణ్ణి నేను. పొద్దున జనగామలో రైలు బండెక్కడం, మాపటికి దిగడం. మా తాతకు గార్ల దిక్కు ఊళ్లుండేవి. ఆయన గడిలో, అంటే కోటలాంటి ఆ ఇంట్లో, అరుగు మీద కుర్చీ వేసుకుంటే ఎదురుగా ఎవరూ కూర్చునేవారు కాదు. చెప్పులు చేతబట్టుకుని దాటేవారు. మా నాయిన నాటికి ఊళ్లు పోయాయి, గడి రాళ్లు పదిమంది ఇళ్ల పునాదుల్లోకి పోయాయి. నా దాకా వచ్చినవి రెండే: తాత పొడుగు, నాయిన మాట. "ఇంట్ల గింజ లేకున్న సరే, నడుం మాత్రం వంచొద్దు బిడ్డా." ముప్ఫై ఏళ్లలో యార్డులో ఒక్క బస్తాకు కూడా ఆనుకోలేదు నేను. ఎవరూ కుర్చీ చూపించకపోతే రోజంతా నిలబడేవాణ్ణి. అందుకు నాకిప్పటికీ చింత లేదు.

రిటైరైన మరుసటి ఏడు, మూడో సీజన్‌ను మా యార్డులోనే తీస్తున్నారని కబురొచ్చింది. పొద్దున మొదటి బండికే పోయాను.

నేను ముప్ఫై ఏళ్లు తిరిగిన షెడ్డులో చెక్‌పోస్టు సెట్టు, లారీ, లైట్లు, గొడుగులు, పట్టాల మీద కెమెరా! హమాలీలు పని ఆపి నిలబడ్డారు. నేనూ వాళ్ల నడుమే నిలబడ్డాను. పోలీసామె వచ్చింది. కత్తితో మిరప బస్తా కడుపు చీల్చింది. లోపలికి మోచేతిదాకా చేయి పోనిచ్చి, పిడికెడు తీసి వాసన చూసి, గంభీరంగా డైలాగు చెప్పింది. ఒక్కరికీ తుమ్ము రాలేదు!

"ఆపుండ్రి!" అని అరిచాను. వేలం పాడిన గొంతు. షెడ్డంతా మోగింది.

అందరూ నా వైపు తిరిగారు. డైరెక్టరు ముప్ఫై దాటని అమ్మాయి. కోస్తా మనిషని మాట వినగానే తెలిసింది. నా దగ్గరికి నడిచొచ్చింది.

"ఎవరండీ మీరు? షాట్ పోయింది తెలుసా?"

"షాట్ ఎప్పుడో పోయిందమ్మా. లోపల గడ్డి నింపి పైన మిర్చి పేర్చిండ్రు గద. నిజం బస్తా కోస్తె ముందు తుమ్మొస్తది, తర్వాత మాటొస్తది. కోసుడు కూడ తప్పే. మూతి కుట్టు ఇప్పి సూస్తరు ఇక్కడ."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది. నిజమైన బస్తాలు తెప్పించారు. కుట్టు విప్పగానే పోలీసామె తుమ్మింది, కెమెరా పట్టుకున్నాయన తుమ్మాడు, డైరెక్టరు తుమ్ముతూనే "ఓకే! ఓకే!" అని చప్పట్లు కొట్టింది. హమాలీలు ఈలలు వేశారు. నా ముప్ఫై ఏళ్ల నౌకరీలో నాకు ఈల పడడం అదే మొదలు.

సాయంత్రం బండికి బయలుదేరుతుంటే డైరెక్టరు మనిషిని పంపి నన్ను పిలిపించుకుంది.

"మీరెప్పుడైనా నటించారా సార్?"

"లేదు."

"ఆఖరి ఎపిసోడ్‌లో ఒక దొర ఉన్నాడు. ఆస్తులు పోయినాయన. ఆయన కొడుకు డాన్ గురించి పోలీసులకు చెప్పేస్తాడు. డాన్ ఆ కుర్రాణ్ణి ఎత్తుకెళ్లి, భూపాలపల్లి దగ్గర అడవి అంచున ఒక ఇంట్లో పెడతాడు. ఈ దొర అక్కడికెళ్లి డాన్‌ను బతిమాలుకుంటాడు. మూడు నిమిషాల సీను. అక్కడే డాన్ మనసు మారుతుంది, సీజనంతా దాని మీదే నిలబడాలి. మీరు నిలబడిన తీరు చూశాను. మీరు చేస్తారా?"

కేసముద్రం స్టేషన్లో బండి కోసం నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. బతుకంతా ఎవరి మనుమడో చెప్పుకుని తిరిగాను, యార్డులో ఎవరివో సరుకుల ధరలు అరిచాను. ఇప్పుడు నా మొహంతో, నా గొంతుతో ఒక పని! అరవై దాటినవాణ్ణి, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు నడిచాను.

మా ఇంటామె సంగతి విని సేమియా గిన్నె పొయ్యి మీద నుంచి దించింది.

"నువ్వా? బతిమాలుడా?"

"ఏం? రాదా?"

"పెండ్లయిన కొత్తల నేను అలిగి తల్లిగారింటికి కొడకండ్లకు పోతె ఒక్కనాడు బతిమాలినవా? బస్టాండ్ల నిలవడి, 'బండొచ్చింది, ఎక్కు' అన్నవు. గంతే గద."

"నువ్వెక్కినవు గద."

"ఆకలైతాందని ఎక్కిన."

మరునాటి నుంచి భాయ్ దుకాణంలో తాలీము, అదే రిహార్సలు, మొదలైంది. ఆయన గుడ్డలు కత్తిరించే బల్ల మీద కాలు మీద కాలేసుకుని డాన్ అయ్యేవాడు. నేను తలుపు దగ్గర నుంచి నడిచొచ్చి, చేతులు జోడించి, "అన్నా, నా కొడుకును ఇడిచిపెట్టు," అనాలి. అంతే మాట.

"అన్నా, నా కొడుకును ఇడిచిపెట్టు."

భాయ్ తలకొట్టుకున్నాడు. "తౌబా! గిది బతిమాలుడా దొర సాబ్? వారంటు తెచ్చినట్టున్నవు. జర నడుం వంచు."

"చేతులు జోడించిన గద."

"చేతులు జోడించినవ్, గాని నాకే భయమైతాంది. అన్న అనుటానికి నోట్లె ముల్లున్నదా?"

వారం రోజులు అదే వరస. షేర్వానీ కొలతలకొచ్చిన పెండ్లికొడుకు కూడా కాసేపు డాన్ అయి కూర్చున్నాడు. మా ఇంటామె ఫోన్‌లో తీసి డైరెక్టరుకు పంపింది. జవాబుగా ఫోన్‌లో డైరెక్టరు గొంతే వచ్చింది. "బావుంది సార్, కానీ ఆర్డరేస్తున్నట్టుంది. రండి, సెట్లో చూద్దాం. అక్కడా రాకపోతే మాత్రం, హైదరాబాద్ నుంచి ఇంకో ఆయన్ని తెచ్చి మర్నాడు తీసేస్తాను. ఏమీ అనుకోవద్దు."

అంటే నాకున్నది ఒక్క రోజు.

భూపాలపల్లి దాటాక బొగ్గు లారీల దుమ్ము తగ్గి టేకు చెట్లు మొదలవుతాయి. అడవి అంచున పెంకుటిల్లు. వాకిట్లో నులక మంచం, పక్కన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో డాన్ కూర్చుంటాడు, మంచం మీద డాన్ తల్లి చింతపండులో గింజలు తీస్తూ ఉంటుంది. దొర గేటు నుంచి నడిచొచ్చి ఇద్దరి ఎదుటా నిలబడాలి.

డాన్ తల్లి వేషానికి ఆ నటుడు తన కన్నతల్లినే తెచ్చాడు. అప్పటికే పది రోజులుగా ఆమె మీద సీన్లు తీశారు. ముసలామెకు కెమెరా అంటే లెక్కేలేదట. పోలీసామె వేషం కట్టిన పెద్ద స్టార్ వచ్చి ఎదుట నిలబడ్డా, చింతపండు నుంచి కళ్లెత్తకుండా మాట్లాడిందట.

నాకు తెల్ల పంచె, పాత కోటు తొడిగారు. అద్దంలో చూసుకుంటే తాత కనిపించాడు. లోపల ఒకటే జాతర.

"యాక్షన్!"

గేటు తీసుకుని నడిచాను. ఆరేడడుగులు వేశానో లేదో, మంచం మీది ముసలామె నన్ను చూసింది. చింతపండు చేట పక్కన పెట్టింది. లేచి, పైట తల మీదికి లాక్కుని, గోడ వారకు జరిగి నిలబడింది.

"కట్! అమ్మా, మీరు లేవకూడదు. మీరు డాన్ తల్లి. ఆయనే మీ దగ్గరికి వస్తున్నాడు."

"సరే బిడ్డా," అని ఆమె కూర్చుంది.

రెండోసారి నడిచాను. లేచింది. మూడోసారి గేటు చప్పుడుకే లేచింది. డాన్ తమ లంబాడీ భాషలో తల్లికి నచ్చజెప్పాడు. ఆమె తల ఊపింది, నాలుగోసారీ లేచింది. డైరెక్టరు నెత్తి పట్టుకుంది.

"పది రోజుల్లో ఈవిడ ఎవరికీ లేవలేదు! అమ్మా, ఈయన కూడా వేషమే కదా?"

ముసలామె ఆ పిల్లను జాలిగా చూసింది. "యేసమో గీసమో నాకెర్క లేదు బిడ్డా. నడక జూస్తెనే ఎర్కైంది. గీన మా ఊరి గడి మనుమడు. దొర నిలవడ్డంక నేనెట్ల గూసుంట?"

ఆమెది మా తాత ఊరి పక్క తండా అని నాకు అప్పుడే తెలిసింది. నిజం చెప్పాలి: ముందు నాకు గర్వమే కలిగింది. అన్నీ పోయాయి, నడక పోలేదు అనుకున్నాను. ఆ వెంటనే, నాకున్నది ఈ ఒక్క పొద్దేనని గుర్తొచ్చింది. తల్లి పాత్రను మార్చడానికి లేదు, పది రోజుల సీన్లున్నాయి. మార్చాలంటే నన్నే మార్చాలి.

అన్నాలప్పుడు డాన్ నా దగ్గరికొచ్చాడు. తెర మీద నిప్పులు కురిపించే మనిషి, పళ్లెం పట్టుకుని మెల్లగా అడిగాడు.

"సార్, మీరొక్క మాట చెప్పుండ్రి. మా యాడి, మా అమ్మ, మీ మాట ఇంటది."

"నేనెందుకు చెప్పాలె? డైరెక్టరమ్మ చెప్తాంది గద."

అతనికి కోపం రాలేదు. "నేను రెండు సీజన్ల సంది డాన్‌ను సార్. మా జిల్లాల పోరగాళ్లు నాతోని ఫొటో దిగుతరు. గాని మా యాడి నన్ను జూసి లేవది. మిమ్ములను జూసి లేస్తది." నవ్వాడు. "గీ సీన్ల నేను డాన్ ఎట్లయిత చెప్పుండ్రి?"

అతను వెళ్లిపోయాక చాలాసేపు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఏం చెప్పాలి ఆమెకు? కూర్చో అనాలి. ఎంత చిన్న మాట! ఆ మాట మా ఇంట్లో తండా మనుషులతో ఎవరూ అనగా నేను వినలేదు. నిలబడమనీ అనేవారు కాదు. ఆ అవసరమే పడేది కాదు. మరి ఆమెను ఏమని పిలవాలి? వాళ్లను అవ్వ అనీ అక్క అనీ పిలిచే అలవాటు కూడా మాకు లేదు.

మధ్యాహ్నం ఇంకో రెండుసార్లు తీశారు. ఆమె లేవడం ఒక ఎత్తు, నా "అన్నా" ఒక ఎత్తు. ఒకసారి ఆమెకు అడ్డంగా డాన్ నిలబడి తీస్తే, నా మాట ముల్లులాగే వచ్చింది. డైరెక్టరు ఫోన్ తీసుకుని పక్కకు పోయింది. హైదరాబాద్ అన్న మాట వినబడింది. తిరిగొచ్చి అంది, "వెలుతురు ఇంకొక్క షాటుకే ఉంది సార్. ఆఖరిది."

గేటు బయట నిలబడ్డాను. టేకు ఆకుల మీద ఎండ పసుపు రంగులోకి తిరుగుతోంది. నా మూడు నిమిషాలు చేజారిపోతున్నాయి. అరవై ఏళ్లకు దొరికిన ఒక్క పని.

"యాక్షన్!"

నడిచాను. ముసలామె చేట పక్కన పెట్టింది. మంచం పట్టె మీద చేయి ఆనించి లేవబోతోంది. మోకాలు నొప్పి కాబోలు, పొద్దటి నుంచి ఏడోసారి లేవడం, మొహం ముడుచుకుంది. అది చూశాక నేను స్క్రిప్టు మరిచిపోయాను. నాలుగు అంగల్లో మంచం దగ్గరికి పోయాను.

"కూసో అవ్వా," అన్నాను. "లేవకు. నేనే నిలవడి మాట్లాడుత. నువ్వు కూసో."

ఆ మాట అంటూ ఆమె వైపు వంగానట. నాకు తెలియదు. చేయి పట్టుకుని కూర్చోబెట్టానట, అదీ తెలియదు. ఆమె నా మొహంలోకి చూసింది. ఎంతసేపో. తర్వాత మెల్లగా కూర్చుంది. చేట ఒళ్లోకి తీసుకుంది.

ఎవరూ కట్ అనలేదు. కెమెరా తిరుగుతూనే ఉందని తెలిసి, అలాగే డాన్ వైపు తిరిగాను. "అన్నా," అన్నాను. ముల్లు లేదు. "నా కొడుకును ఇడిచిపెట్టు."

డాన్ నాకు చెప్పాల్సిన డైలాగు ఒకటుంది. అతను అది చెప్పలేదు. తల్లి వైపు చూశాడు. ఆమె చింతపండులో గింజ తీస్తూ, "ఇడిచిపెట్టు బిడ్డా, పెద్దమనిషి నిలవడ్డడు," అంది. అది ఎవరూ రాసిన మాట కాదు.

"కట్!" అని డైరెక్టరు అరిచిన అరుపుకు టేకు చెట్ల మీది పిట్టలు లేచాయి. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి ముసలామెను వాటేసుకుంది, నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. లైట్లు పట్టుకున్న వాళ్లు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. డాన్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఉంచుతానో లేదో ఎడిటింగులో చూడాలి సార్," అంటూనే డైరెక్టరు నవ్వుతోంది.

సీజన్ ఒక శుక్రవారం విడుదలైంది. జుమ్మా నమాజు కాగానే భాయ్ దుకాణం షట్టరు సగం దించాడు. మా ఇంటామె పల్లీలు వేయించి తెచ్చింది. ఇద్దరు ముగ్గురు గిరాకీలు, కొత్తగా పెండ్లయిన ఆ షేర్వానీ పిల్లగాడు కూడా వచ్చారు. చెక్‌పోస్టు దగ్గర డాన్ దొరకలేదు. పోలీసామె తుమ్మేసరికి లారీ కదిలింది. "మిర్చి వకీలు గెలిచిండు!" అని భాయ్ నా భుజం చరిచాడు. కాని నా ప్రాణం ఆఖరి ఎపిసోడ్ మీదే ఉంది. ఉంచిందా? తీసేసిందా?

గేటు చప్పుడైంది. పంచె, కోటు. నా నడక.

దుకాణంలో పల్లీలు నమలడం ఆగిపోయింది. ముసలామె లేవబోయింది. కెమెరా నా వెనక నుంచి తీసింది. నా వీపు వంగింది. అంత పెద్ద తెర మీద, అందరి ముందు. "కూసో అవ్వా," అంటున్నాను నేను. భాయ్ కత్తెర బల్ల మీద పెట్టాడు. మా ఇంటామె నా వైపు కూడా చూడకుండా అంది, "గిది నాకు ఎన్నడు చూపియ్యలే." షేర్వానీ పిల్లగాడు రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాడు. మళ్లీ వంగాను. మళ్లీ కూర్చుంది. ఈలలు పడ్డాయి.

నాయిన చూస్తే ఏమనేవాడో తెలియదు. నాకు మాత్రం ఆ వీపు చూడబుద్ధయింది.

ఇంకా పేర్లు పడుతుండగానే ఫోన్ మోగింది. డాన్. "సార్, తండాల అందరం గూడి చూస్తానం. మా యాడి గదే ముక్క మళ్ల మళ్ల పెట్టమంటాంది. మీతోని మాట్లాడుతదట."

"దొరా," అంది ముసలామె గొంతు. వెనక పిల్లల గోల. "టీవీల కూసున్న, జూసినవా?"

"చూసిన అవ్వా. మంచిగ కూసున్నవు."

"గంతసేపు నిలవడితివి. నిన్ను కూసొమ్మన్నోళ్లే లేకపోయిరి. ఒకపారి తండాకు రారాదు. మంచమేస్త, కూసుందువు."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మా ఇంటామెను అడిగాను, గార్లకు రేపు పొద్దున మొదటి బండి ఎన్ని గంటలకని.